లోతు చూసి రాడ్, ఉప్పు చూసి రీల్: తక్కువ ఖర్చులో బాటమ్ జిగ్గింగ్ సెట్ ఎలా ఎంచుకోవాలి

దుకాణానికి వెళ్లగానే చాలామంది ముందు రీల్‌నే చేతికి తీసుకుంటారు. హ్యాండిల్ గిరగిరా తిప్పి చూస్తారు, మెత్తగా తిరిగితే ముచ్చటపడి ధర అడుగుతారు. తర్వాత ఆ రీల్‌కు నప్పే రాడ్, రాడ్‌కు నప్పే లైన్, చివరికి చేతిలో మిగిలిన చిల్లరకు రెండు జిగ్‌లు. బాటమ్ జిగ్గింగ్ చేయాలనుకునేవారు ఈ వరసను తిరగేయాలి. మీరు వెళ్లే చోట నీళ్లెంత లోతో ముందు తెలియాలి. లోతును బట్టి జిగ్ బరువు, జిగ్‌ను బట్టి లైన్, ఆ రెండింటినీ బట్టి రాడ్, అన్నీ తేలాక రీల్. ఇలా వెళితే సగం అనవసరపు ఖర్చు దుకాణం మెట్లెక్కక ముందే తగ్గిపోతుంది.

ఈ వేటకు కొత్తవారి కోసం రెండు మాటలు. సీసంతో చేసిన, చేప ఆకారంలో ఉండే జిగ్‌ను బోటు మీంచి నిలువుగా అడుక్కి వదులుతాం. అడుగు తగలగానే ఎగరేస్తూ, మళ్లీ పడనిస్తూ కొంత ఎత్తు వరకు తెస్తాం, తిరిగి వదులుతాం. ఎర అక్కర్లేదు. రాళ్లున్న చోట గ్రూపర్లు, స్నాపర్లు తగులుతాయి. అడుగు నుంచి కాస్త పైకి వస్తే పారలు, అదృష్టం బాగుంటే వంజరం. ఇక్కడ చెప్పేదంతా విశాఖ, భీమిలి వైపు ఫైబర్ బోటు మాట్లాడుకుని వెళ్లేవారిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నదే. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ శుక్రవారాల్లో సముద్రానికి వెళ్లే మనవాళ్లకు కూడా చాలావరకు ఇదే లెక్క, కాకపోతే అంకెలు కొంచెం మారతాయి.

ఇంకో సంగతి. పూడిమడక మత్స్యకారులు రాడ్ అన్నదే లేకుండా చేతిగాలంతో పెద్ద పెద్ద సూరలను, కొమ్ము కోణాలను లాగి బోటులో వేస్తారు. కాబట్టి చేపను లాగడానికి రాడ్ తప్పనిసరి అనుకోకండి. జిగ్గింగ్‌లో రాడ్ అసలు పని జిగ్‌ను ఆడించడం, చేప గుంజినప్పుడు లైన్ తెగకుండా ఆ కుదుపును తాను తీసుకోవడం. రీల్ పని లైన్‌ను ఒకే తీరుగా వదలడం, ఉప్పునీటిని తట్టుకోవడం. ఈ నాలుగు పనులకు పెట్టే రూపాయి పనికొస్తుంది. మెరుపుకీ రంగుకీ పెట్టేది పనికిరాదు.

మొదటి అడుగు: లోతు అడగండి

డబ్బు తీయకముందే బోటు నడిపే మనిషికి ఫోన్ చేయండి. "ఎన్ని బారల్లో ఆపుతావన్నా, అడుగు రాయా, బురదా?" ఈ ఒక్క ప్రశ్న చాలు. మన తీరంలో లోతును ఇప్పటికీ బారల్లోనే చెబుతారు. రెండు చేతులూ బారచాపితే వచ్చే కొలత, సుమారు ఆరడుగులు. అంటే బారకు 1.8 మీటర్లు వేసుకోండి. 20 బారలంటే 36 మీటర్లు, 40 బారలంటే 72.

ఇక జిగ్ బరువు. మీటరు లోతుకు 2 నుంచి 3 గ్రాములు అనేది నమ్మదగ్గ మొదటి లెక్క. నీటి లాగుడు ఎక్కువగా ఉన్నా, గాలికి బోటు కొట్టుకుపోతున్నా 4 గ్రాముల దాకా వెళ్లాలి. 20 బారల్లో అయితే 70 నుంచి 110 గ్రాముల జిగ్‌లు, లాగుడున్న రోజుకు ఒక 150. 40 బారల్లో 150 నుంచి 220. లైన్ నీళ్లలోకి నిటారుగా దిగకుండా బోటుకు దూరంగా ఏటవాలుగా పోతోందంటే జిగ్ తేలికైందన్నమాట. అప్పుడు మీ చేతి కదలిక జిగ్ దాకా చేరదు, ఏటవాలు లైన్‌లోనే అరిగిపోతుంది.

గల్ఫ్‌లో దుబాయ్, అబుధాబి, దోహా వైపు నీళ్లు లోతు తక్కువ. ఆ సముద్రం సగటు లోతే 35 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అక్కడ హమూర్ (గ్రూపర్‌కు గల్ఫ్ పేరు) కోసం 40 నుంచి 100 గ్రాముల జిగ్‌లతో చాలా పని జరిగిపోతుంది. మస్కట్ వైపు అలా కాదు, తీరం దాటగానే లోతు పడిపోతుంది. అక్కడున్నవారు కింద చెప్పబోయే కొలతల కంటే ఒక మెట్టు బరువైన సెట్ చూసుకోవాలి.

మొదటిసారి కొనేవారు 20 నుంచి 30 బారల లోతుకు సెట్ చేసుకుంటే మంచిది. ఫైబర్ బోటులో ఒక పూట వెళ్లి వచ్చే వేట ఎక్కువగా అంతలోపే ఉంటుంది. 60 బారలకూ 15 బారలకూ ఒకే సెట్ సరిపోవాలని చూస్తే రెండింటికీ సరిపోనిది చేతికొస్తుంది.

రెండో అడుగు: లైన్‌ను సన్నగా తీసుకోండి

జిగ్గింగ్‌కు అల్లిన లైన్, అంటే బ్రెయిడ్ మాత్రమే. మామూలు నైలాన్ లైన్ సాగుతుంది. 40 మీటర్ల నైలాన్ చివర ఉన్న జిగ్‌ను మీరు ఎగరేస్తే ఆ సాగుడే మింగేస్తుంది, కింద జిగ్ తల కూడా ఎత్తదు.

బ్రెయిడ్ డబ్బా మీద పీఈ అని ఒక అంకె ఉంటుంది. అది మందం కొలత. పీఈ 1.5 అంటే 0.205 మిల్లీమీటర్లు, పీఈ 2 అంటే 0.235, పీఈ 3 అంటే 0.285. మనం అనుకున్న లోతుకు పీఈ 2 చాలు. పెద్ద రాళ్లు, పెద్ద గ్రూపర్లు ఉన్న చోటైతే పీఈ 3. అంతకంటే మందం వద్దు. లైన్ మందమయ్యేకొద్దీ నీళ్లు దాన్ని పట్టుకుని లాగుతాయి, దాన్ని కిందికి దించడానికి ఇంకా బరువైన జిగ్ కావాలి, ఆ జిగ్‌ను ఎగరేయడానికి ఇంకా గట్టి రాడ్ కావాలి. లైన్ ఒక మెట్టు లావైతే బిల్లు మొత్తం లావవుతుంది.

ఇక్కడే చవక బ్రెయిడ్‌తో చిక్కు. డబ్బా మీద 50 పౌండ్లు అని పెద్ద అక్షరాలుంటాయి, మందం మాత్రం ఉండదు. ఉన్నా చేతికొచ్చిన దారం ఆ మందంలో ఉండదు. పౌండ్ల అంకె పెంచడం సులువు, దారం సన్నంగా చేసి బలం నిలపడమే ఖర్చుతో కూడిన పని. అందుకే లైన్ దగ్గర పిసినారితనం వద్దంటాను. మంచి కంపెనీ పీఈ 2 బ్రెయిడ్ సుమారు 30 పౌండ్ల దగ్గర తెగుతుంది, అంటే 13, 14 కిలోలు. అది చాలా ఎక్కువ బలం. ఎందుకో డ్రాగ్ (చేప గుంజినప్పుడు లైన్‌ను బిగువుగా వదిలే రీల్ బ్రేకు) దగ్గర చెబుతాను.

నాలుగు పోగులదా, ఎనిమిది పోగులదా అని అడుగుతారు. ఎనిమిది పోగులది నున్నగా, చప్పుడు లేకుండా నడుస్తుంది. నాలుగు పోగులది కాస్త గరుకు, కానీ చవక, రాపిడికి ఓర్చుకుంటుంది. మొదటి సెట్‌కు నాలుగు పోగులది తీసుకున్నా తప్పులేదు. అంతకంటే ముఖ్యం రంగులు. ప్రతి 10 మీటర్లకూ రంగు మారే లైన్ తీసుకోండి. డైవా జె-బ్రెయిడ్ వంటి అందుబాటు ధర లైన్లలోనూ ఇలాంటివి దొరుకుతాయి. జిగ్ ఎంత లోతుకు పోయిందో, చేప ఏ ఎత్తులో పట్టిందో రంగు చూసి తెలుసుకోవచ్చు. ఫిష్ ఫైండర్ లేని బోటులో ఇదే మీ కన్ను.

పొడవు 300 మీటర్లు. అడుగున రాయికి చిక్కి 50 మీటర్లు తెగిపోయినా మిగతా రోజు వేట ఆగకూడదు. 150 మీటర్ల డబ్బాలు రెండు కొని ముడేస్తే సరిపోదా అంటే, సరిపోదు. ఆ ముడి ఏదో ఒక రోజు గైడ్‌లో, అంటే రాడ్ మీద లైన్ నడిచే రింగులో, తట్టుకుంటుంది.

బ్రెయిడ్ చివర ఫ్లూరోకార్బన్ లీడర్, అంటే జిగ్‌కు ముందుండే గట్టి లైన్ ముక్క, కట్టాలి. 40 పౌండ్లది, మీ ఎత్తు కంటే కొంచెం ఎక్కువ పొడవు. రాతి అంచుకు రాసుకుంటే బ్రెయిడ్ ఇట్టే తెగుతుంది, ఫ్లూరోకార్బన్ కాస్త ఓర్చుకుంటుంది. రెంటినీ కలపడానికి ఎఫ్‌జీ ముడి నేర్చుకోండి. సన్నగా ఉండి గైడ్‌ల గుండా జారిపోతుంది. మొదట్లో విసుగు తెప్పిస్తుంది, ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని సాధన చేస్తే బోటు మీద చేతులు వాటంతటవే కడతాయి. వంజరం, సావళ్లు తిరిగే చోట పళ్లకు లీడర్ కోసుకుపోతుంది. కావాలంటే జిగ్‌కు ముందు బెత్తెడు సన్న తీగ కట్టుకోవచ్చు, జిగ్ ఆట మాత్రం కొంత చచ్చుబడుతుంది.

మూడో అడుగు: రాడ్ మీద రాసిన అంకెలు చదవండి

జిగ్గింగ్ రాడ్ పొట్టిగా ఉంటుంది. అయిదున్నర అడుగుల నుంచి ఆరున్నర అడుగుల లోపు చూడండి. బీచ్ నుంచి విసిరే తొమ్మిది, పది అడుగుల రాడ్ మీ దగ్గర ఉంటే దాన్ని బోటులోకి తెచ్చి జిగ్గింగ్ చేద్దామనుకోకండి. అంత పొడవు కర్రతో చేపను ఎత్తుతుంటే చేప వైపు పొడవు ఎక్కువై, బరువంతా మీ నడుము మీద పడుతుంది.

రాడ్ మీద పిడికి కొంచెం పైన రెండు సంగతులు రాసి ఉండాలి: జిగ్ ఎన్ని గ్రాములు, లైన్ ఎంత పీఈ లేదా ఎన్ని పౌండ్లు. మనకు కావలసింది జిగ్ 60 నుంచి 150 గ్రాములు, లైన్ పీఈ 1.5 నుంచి 3 అని ఉన్నది. కొన్నింటి మీద పై హద్దు ఒక్కటే ఉంటుంది. రాడ్ తన హద్దు దగ్గర కాదు, హద్దులో మూడింట రెండు వంతుల దగ్గర బాగా ఆడుతుంది. 150 గ్రాముల రాడ్ 100 గ్రాముల జిగ్‌తో హాయిగా ఉంటుంది. జిగ్ బరువు అసలు రాయకుండా "హెవీ" అని మాత్రమే రాసి ఉన్న రాడ్‌ను పక్కన పెట్టేయండి. అది ఏ పనికి హెవీయో చెప్పేవారుండరు.

కార్బన్ ఎంత శాతమన్న దాని మీద దుకాణాల్లో పెద్ద చర్చ నడుస్తుంది. 99 శాతం అని రాసినంత మాత్రాన మంచి రాడ్ కాదు. శుద్ధ కార్బన్ తేలిక, చేతికి కబురు త్వరగా చేరవేస్తుంది, నిజమే. కానీ బోటు అంచుకు ఒక్కసారి గట్టిగా తగిలితే కంటికి కనపడని పగులు వస్తుంది, తర్వాతెప్పుడో చేప మీదున్నప్పుడు ఫట్‌మంటుంది. కార్బన్‌లో ఫైబర్‌గ్లాస్ కలిపిన రాడ్ కొంచెం బరువు, కొంచెం మొద్దు, కానీ దెబ్బలు కాస్తుంది. వలలు, డబ్బాలు, ఇంజిన్, నలుగురు మనుషులు ఉండే ఫైబర్ బోటులో మొదటి రాడ్‌గా నా ఓటు దానికే. ధర కూడా తక్కువ.

స్లో పిచ్ అన్న మాట కూడా వినిపిస్తుంది. జపాన్‌కు చెందిన నోరిహిరో సాటో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. రాడ్ సన్నగా ఉండి, హ్యాండిల్ తిప్పినప్పుడు వంగి తిరిగి నిటారయ్యే ఊపుతోనే జిగ్‌ను ఎగరేస్తుంది. చేప పడ్డాక మాత్రం రాడ్‌ను నీళ్ల వైపు దించి రీల్‌తోనే లాగాలి. అద్భుతమైన పద్ధతే, కానీ దానికోసం చేసిన సన్న రాడ్‌ను మామూలు రాడ్‌లా పైకెత్తి లాగితే విరుగుతుంది. చవకలో వచ్చే స్లో పిచ్ రాడ్‌లను మొదటి కొనుగోలుగా నేను సూచించను. మామూలు జిగ్గింగ్ రాడ్‌తో కూడా నెమ్మదిగా ఆడించవచ్చు.

ప్రయాణం సంగతి కూడా ఆలోచించుకోండి. హైదరాబాద్ నుంచి రైల్లోనో బస్సులోనో వచ్చేవారికి ఆరడుగుల ఏక ముక్క రాడ్ పెద్ద తలనొప్పి. నడిమధ్యలో కాకుండా పిడి దగ్గర విడిపోయే రెండు ముక్కల రాడ్ దొరికితే తీసుకోండి, వంపు చెడదు. ప్లంబింగ్ దుకాణంలో దొరికే పీవీసీ పైపు, రెండు మూతలు కొంటే రాడ్‌కు గట్టి పెట్టె తయారు.

నాలుగో అడుగు: రీల్

ముందు ఏ రకమో తేల్చుకోవాలి. స్పిన్నింగ్ రీల్ రాడ్ కింద వేలాడుతుంది. ఓవర్‌హెడ్ రీల్ రాడ్ మీద కూర్చుంటుంది. నిలువు వేటలో ఓవర్‌హెడ్‌కు లాగే బలం ఎక్కువ, లైన్ మెలిపడదు. కానీ లైన్‌ను బొటనవేలితో సర్దుకుంటూ చుట్టాలి, కుడిచేతిదా ఎడమచేతిదా అని కొనేటప్పుడే నిర్ణయించుకోవాలి. స్పిన్నింగ్‌లో హ్యాండిల్‌ను మామూలుగా ఏ వైపుకైనా మార్చుకోవచ్చు, జిగ్ స్వేచ్ఛగా దిగుతుంది, అదే రీల్‌ను రేపు ఇంకో వేటకు వాడుకోవచ్చు. ఒకే రీల్ కొనగలిగినవారికి స్పిన్నింగే. రాడ్ కొనేటప్పుడు కూడా స్పిన్నింగ్‌దే అడగండి. మొదటి గైడ్ పెద్దగా ఉండి, పిడి కింద వేలు పెట్టుకునే కొక్కెం లేనిది.

సైజు 4000 నుంచి 5000 మధ్య. ఈ అంకె ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, ఒకరి 4000 ఇంకొకరి 5000 అంత ఉండవచ్చు. అంకెను వదిలేసి స్పూల్ (లైన్ చుట్టుకునే గిలక) మీద చూడండి: పీఈ 2 లైన్ 300 మీటర్లు పడుతుందా లేదా. పడితే అదే మీ సైజు. పెద్దదైతే బలమని 8000 తీసుకుంటే గంటసేపు ఎగరేసేసరికి మణికట్టు మొరాయిస్తుంది.

గేర్ నిష్పత్తి (హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే స్పూల్ మీద లైన్ ఎన్ని చుట్లు పడుతుందో చెప్పే అంకె) గురించి దుకాణంలో వేగంగా చుట్టేదే గొప్పదన్నట్టు చెబుతారు. లెక్క వేసి చూద్దాం. స్పూల్ నిండుగా ఉన్నప్పుడు 5 సెంటీమీటర్ల వ్యాసం అనుకోండి. నిష్పత్తి 5 అయితే ఒక చుట్టుకు దాదాపు 78 సెంటీమీటర్ల లైన్ వస్తుంది. 6.2 అయితే 97. అంటే 40 మీటర్ల నుంచి జిగ్ పైకి రావడానికి 51 చుట్లకు బదులు 41. ఖాళీ జిగ్‌ను తెచ్చేటప్పుడు ఈ తేడా హాయిగానే ఉంటుంది. కానీ చేప ఉన్నప్పుడు ఆ వేగానికి చేతి బలంతో మూల్యం చెల్లించాలి. చవక రీల్‌లో మెత్తటి గేర్లకు కూడా అంత భారం పడుతుంది. తక్కువ ధరలో కొంటున్నారు కాబట్టి 5 చుట్టుపక్కల నిష్పత్తి ఎంచుకోండి.

ఇక డ్రాగ్. డబ్బా మీద 15 కిలోలు, 20 కిలోలు అని రాస్తారు. ఆ అంకె చూసి కొనకండి. లైన్ తెగే బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకే డ్రాగ్ బిగించాలన్నది వాడుక. మన పీఈ 2 లైన్‌కు అది మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు. ఊగుతున్న చిన్న బోటులో నిలబడి అయిదు కిలోల డ్రాగ్‌తో చేపను ఆపి చూడండి, 20 కిలోల మాట మళ్లీ ఎత్తరు. పైగా లైన్ బయటికి పోయేకొద్దీ స్పూల్ మీది చుట్ట సన్నబడుతుంది, మీరు మరలు ముట్టుకోకపోయినా డ్రాగ్ బిగుతు పెరుగుతుంది. చుట్ట వ్యాసం సగమైతే లాగడానికి రెట్టింపు బలం కావాలి. ముందే హద్దులో బిగించి ఉంటే అప్పుడు లైన్ ఫట్‌మనడమే.

కాబట్టి చూడాల్సింది ఎంత బిగుస్తుందని కాదు, ఎంత సాఫీగా వదులుతుందని. నాలుగు కిలోల దగ్గర లైన్ లాగితే ఆగి ఆగి, కుదుపులతో వస్తే ఆ రీల్ వద్దు. అడుగున గ్రూపర్ మొదటి గుంజు గుంజి రాయిలోకి దూరేటప్పుడు ఆ ఒక్క కుదుపు చాలు తెగడానికి. కార్బన్ వాషర్లున్న డ్రాగ్ అయితే వేడికి తట్టుకుంటుంది. పెన్ కంపెనీ తన చవక శ్రేణి పర్స్యూట్‌లో కూడా అలాంటి వాషర్లే వేస్తుంది.

బాడీ దేనితో చేశారన్నది తర్వాతి ప్రశ్న. గ్రాఫైట్ బాడీ తుప్పు పట్టదు, తేలిక, చవక. గట్టిగా లాగినప్పుడు మాత్రం కొద్దిగా వంగుతుంది, ఆ వంపుకు లోపలి గేర్లు ఒకదానితో ఒకటి సరిగా కలవక అరుగుతాయి. లోహపు బాడీ వంగదు. పెన్ బ్యాటిల్, డైవా బీజీ మధ్యతరగతి వేటగాళ్లలో అంత పేరు తెచ్చుకోవడానికి కారణాల్లో అదొకటి. 100 గ్రాముల జిగ్‌లు, రెండు మూడు కిలోల చేపలకు మంచి గ్రాఫైట్ రీల్ కొన్నేళ్లు వస్తుంది. నెలకు రెండుమూడుసార్లు వెళతామనుకుంటే లోహపుదానికి ఇంకొంచెం కూడబెట్టుకోండి.

నీళ్లు చొరకుండా సీల్ చేసిన రీళ్లూ ఉన్నాయి. పెన్ స్పిన్‌ఫిషర్ ఆరో తరం రీల్‌కు ఐపీఎక్స్5 రేటింగ్ ఉంది. షిమానో తన నాస్కీలో కోర్‌ప్రొటెక్ట్ పేరుతో కొంత రక్షణ ఇస్తుంది. అలలు ముఖాన కొట్టే బోటులో ఇవి మేలే. ఐపీఎక్స్5 అంటే నీటి జల్లును తట్టుకుంటుందని అర్థం, నీళ్లలో ముంచవచ్చని కాదు. బడ్జెట్ గట్టిగా ఉంటే సీల్ కంటే డ్రాగ్‌కూ గేర్లకూ ముందు చోటివ్వండి. సీల్ లేని రీల్‌ను మీరు శుభ్రం చేసుకుని కాపాడుకోవచ్చు. నాసి గేర్లను ఎవరూ కాపాడలేరు.

హ్యాండిల్ చివర పట్టుకునే గుబ్బ కూడా చూడండి. రెండు వేళ్లతో పట్టే బల్లపరుపు గుబ్బ జిగ్గింగ్‌కు నప్పదు. గుండ్రంగా, అరచేతిలో ఇమిడేది కావాలి.

అయిదో అడుగు: దుకాణంలో అయిదు నిమిషాలు

రాడ్, రీల్ కలిపి బిగించి చేత్తో పట్టుకోండి. పిడి చివర చంకలోకి రావాలి, పట్టుకున్న చెయ్యి రీల్ దగ్గర తేలిగ్గా ఉండాలి. బిగించాక రీల్ కూర్చునే చోట కదలిక ఉండకూడదు, ఒక్క వెంట్రుకవాసి కూడా.

ప్రతి గైడ్ లోపలి రింగులో దూది ముక్క తిప్పండి. పోగు తట్టుకుంటే అక్కడ పగులుందన్నమాట. బ్రెయిడ్‌ను అది రంపంలా కోస్తుంది. గైడ్‌లు రాడ్‌కు ఒకే వరసలో ఉన్నాయో లేదో పిడి వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి.

రీల్ హ్యాండిల్‌ను ముందుకు తిప్పి ఠక్కున ఆపి వెనక్కి నెట్టండి. వెనక్కి కదలకూడదు. హ్యాండిల్‌ను పక్కలకు కదిపి చూడండి. మడతపెట్టే బోల్టు హ్యాండిల్‌లో కొంత ఆట ఉంటుంది, నేరుగా స్క్రూలా బిగుసుకునే హ్యాండిల్‌లో ఉండదు. రెండోదే మంచిది.

దుకాణదారు ఒప్పుకుంటే రెండు లీటర్ల నీళ్ల సీసాకు లైన్ కట్టి రాడ్‌తో నేల మీంచి లేపండి. రాడ్‌ను నడుము ఎత్తులో అడ్డంగా పట్టుకుని, కొద్దిగా మాత్రమే పైకి. చివర ఒక్కటే కాక వంపు రాడ్ నడుమదాకా సాఫీగా రావాలి. నిటారుగా ఎత్తి మాత్రం లేపొద్దు. చివరి అడుగు మీదే బరువంతా పడి ఎంత మంచి రాడ్ అయినా విరుగుతుంది. బోటులోనూ ఇదే సూత్రం.

పాత రీల్ కొంటుంటే లైన్ రోలర్ తిరుగుతోందో లేదో ముందు చూడండి. బెయిల్ తీగ చివర లైన్ మలుపు తిరిగే ఆ చిన్న చక్రమే ఉప్పుకు మొదట బలయ్యేది. అది బిగుసుకుపోయి ఉంటే ఆ రీల్‌ను సముద్రం తర్వాత ఎవరూ కడగలేదని అర్థం. స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉంటే ఎవరో ఇంట్లో విప్పి చూశారు. ధర సగమైనా వదిలేయండి.

ఆరో అడుగు: డబ్బు పంచుకోవడం

ధరలు ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి కాబట్టి వాటాలు చెబుతాను. చేతిలో 15,000 రూపాయలుంటే రీల్‌కు 7,000, రాడ్‌కు 4,000, లైన్‌కు 2,000, లీడర్, జిగ్‌లు, కొక్కేలకు 2,000. పదివేలే ఉంటే రాడ్‌కు కోత వేయండి, లైన్‌కు కాదు. రాడ్, రీల్, లైన్, పెట్టె అన్నీ కలిపి ఒకే ధరకు ఇచ్చే కాంబో సెట్లు ఊరిస్తాయి. వాటిలోని లైన్ చాలావరకు జిగ్గింగ్‌కు పనికిరాని నైలానే, ఎలాగూ తీసేయాలి.

జిగ్‌లు నాలుగు చాలు: 80, 100, 120, 150 గ్రాములవి. ఖరీదైనవి వద్దు, రాళ్లు వాటా అడుగుతాయి. కానీ చవక జిగ్‌తో వచ్చే కొక్కేన్ని, రింగును తీసేసి పై వైపు దారంతో కట్టిన అసిస్ట్ కొక్కెం, మంచి స్ప్లిట్ రింగు వేసుకోండి. అడుగున కొక్కెం లేకపోతే రాయికి చిక్కడమూ తగ్గుతుంది. స్ప్లిట్ రింగు విప్పే ప్లయర్ లేకుండా గోళ్లతో ప్రయత్నించకండి. బ్రెయిడ్ వేళ్లను కోస్తుంది కాబట్టి చేతి తొడుగులూ, అన్నింటికంటే ముందు లైఫ్ జాకెట్టూ ఈ లెక్కలోనే ఉండాలి.

ఎప్పుడు కొనాలి? మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ వెతకడానికి, పోల్చుకోవడానికి, ముడులు నేర్చుకోవడానికి వాడుకోండి.

ఏడో అడుగు: ఇంటి దగ్గర సిద్ధం చేయడం

బ్రెయిడ్‌ను నేరుగా ఖాళీ స్పూల్‌కు కడితే మొత్తం చుట్టే స్పూల్ మీద జారిపోతుంది. డ్రాగ్ పాడైందని అనుమానపడతారు. ముందు పది పన్నెండు చుట్లు నైలాన్ లైన్ చుట్టి దానికి బ్రెయిడ్ కట్టండి. తడి గుడ్డతో లైన్‌ను బిగువుగా పట్టుకుని చుట్టించండి. వదులుగా చుడితే పై లైన్ కింది చుట్లలోకి దిగబడి, చేప లాగినప్పుడు అక్కడే ఇరుక్కుంటుంది. స్పూల్ అంచుకు రెండు మిల్లీమీటర్ల కిందే ఆపండి.

డ్రాగ్ కొలవడానికి లగేజీ తూచే చేతి కాటా చాలు. లైన్‌ను గైడ్‌ల గుండా తీసి కాటా కొక్కేనికి కట్టి, రాడ్ కొద్దిగా వంగేలా లాగండి. మూడున్నర కిలోల దగ్గర లైన్ జారేలా డ్రాగ్ తిప్పి, ఆ బిగువు చేతికి ఎలా తెలుస్తోందో గుర్తుపెట్టుకోండి. సముద్రంలో కాటా తీసే తీరిక ఉండదు.

ఎనిమిదో అడుగు: ఉప్పు కడగడం

తిరిగి వచ్చిన రోజు రాత్రే, ఎంత అలసిపోయినా. ముందు డ్రాగ్‌ను పూర్తిగా బిగించండి, నీళ్లు వాషర్లలోకి పోకుండా. మగ్గుతో మంచినీళ్లు సన్నగా పోస్తూ రీల్, గైడ్‌లు, లైన్ రోలర్ కడగండి. బైకు కడిగే ప్రెషర్ పంపు మాత్రం వద్దు, అది ఉప్పును లోపలికే తోస్తుంది. బకెట్‌లో ముంచడమూ వద్దు. దులిపి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. ఆరాక లైన్ రోలర్‌కు, హ్యాండిల్ గుబ్బకు ఒక్కో చుక్క రీల్ నూనె వేయండి. వంటనూనె, కొబ్బరినూనె గేర్లలో జిగురుగా మారతాయి. లీడర్ చివరి రెండడుగులు గోటితో నిమిరి చూసి, గరుకుగా ఉంటే కోసేయండి.

అన్నీ అయ్యాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి. బిగించి వదిలేస్తే వాషర్లు అణిగిపోయి, నిషేధం ముగిసి జూన్‌లో మళ్లీ బోటెక్కేసరికి లైన్ కుదుపులతో వస్తుంది.